పూరీ నుంచి తెచ్చుకున్న నిద్ర

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖలో మా పెద జాలరిపేటలో మగవాళ్లు ఒడ్డునే ఉంటారు. పిల్లలకు బడి సెలవులూ అప్పుడే. అయినా మేము ఎప్పుడూ ఎక్కడికీ వెళ్లలేదు, వలలు బాగుచేసుకోవడంతోనే సరిపోయేది. మా ఆయన అప్పలరాజు అక్కను పూరీలో ఇచ్చారు. అక్కడ సముద్రపు ఒడ్డున తెలుగు జాలర్ల పేట పెద్దదే ఉంది. మూడేళ్లుగా వదిన రమ్మంటోంది. ఈసారి వెళ్లడానికి కారణం నా ఉద్యోగం. సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో పేర్లు రాసి టోకెన్లు ఇచ్చే పని. బడులు తెరిచాక వచ్చే సోమవారం నుంచి రమ్మన్నారు. చేరాక పది రోజులు సెలవు ఎవరిస్తారని బయలుదేరాం. అంతకు ముందు అక్కడ పనిచేసిన అమ్మాయి పిల్లాడి బడి నుంచి ఫోను వచ్చినప్పుడల్లా వెళ్లిపోయేదట. నన్ను తీసుకునేటప్పుడు డాక్టరమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పింది.

పూరీలో గుడి చూడటం ఒక పూటలో అయిపోయింది. మిగతా రోజులన్నీ ఒడ్డు మీదే. వదిన భర్తది చిన్న ఫైబర్ పడవ, అంత చిన్నవాటికి అక్కడ నిషేధం లేదట. తెల్లవారుజామున నాలుగు గంటలకు పడవను నీళ్లలోకి తోస్తారు. ఇంట్లో ఆడామగా అందరూ భుజం పెట్టాలి. మా ఆరేళ్ల హాసినికి టార్చిలైటు పట్టుకునే పని ఇచ్చారు. దాని తమ్ముడు, నాలుగేళ్ల చిట్టి, పడవను తోస్తున్నాననుకుంటూ దాన్ని పట్టుకుని వేలాడేవాడు. ఏడింటికి ఎండుచేపతో చద్దన్నం. పదకొండయ్యేసరికి ఇసుక మీద కాలు పెట్టలేం కాబట్టి వీధి వీధంతా తలుపులు వేసుకుని మూడింటి దాకా పడుకునేది. మళ్లీ చీకటి పడగానే పడకే. పిల్లలు రెండో రోజుకే ఆ పద్ధతిలో పడిపోయారు. ఏడిపించకుండా లేస్తున్నారు, ఏడిపించకుండా తింటున్నారు, ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

బడి తెరిచే ముందురోజు, బుధవారం, తిరుగు ప్రయాణం. ఉదయం పది దాటాక పూరీలో ఎక్కిన రైలు సాయంత్రం ఆరు దాటాక విశాఖలో దింపింది. స్లీపర్ టికెట్ తలకు మూడు వందల లోపే. చిట్టికి టికెట్ అక్కర్లేదు, హాసినికి తీసుకున్నాం. వదిన కట్టిచ్చిన చేపల పులుసు, అన్నం ఉన్నాయి కాబట్టి దారిలో టీ తప్ప ఏమీ కొనలేదు. ఎక్కిన గంటలోపే పిల్లలిద్దరూ పడుకున్నారు. కాసేపటికి ఎడమవైపు చిల్కా సరస్సు వచ్చింది. నీళ్లు, పడవలు, దూరంగా కొండలు. లేపుదామంటే మా ఆయన వద్దన్నాడు. అలసిపోయారనుకున్నాం.

స్టేషన్ బయట ఆటో అతను మూడు వందలు అడిగి రెండు వందలకు ఒప్పుకున్నాడు. బీచి రోడ్డెక్కేసరికి పిల్లలు మళ్లీ నిద్ర. అతను అద్దంలో చూసి, "ఈ గుంటలప్పుడే తొంగున్నారేటి బావా? ఊరంతా ఇప్పుడే కదా బీచికొత్తంది" అన్నాడు.

"ఆళ్లకి నడిరేతిరయిపోనాది" అన్నాడు మా ఆయన.

మర్నాడు నాలుగింటికి ఎవరో నా భుజం కుదుపుతున్నారు. చూస్తే హాసిని, చేతిలో టార్చిలైటు.

"అమ్మా, లెగు. పడవ తొయ్యాల."

"ఏ పడవే?"

"మావయ్య పడవ."

"మావయ్య పూరీలో ఉన్నాడే."

"అయితే నాన్న బోటు తోసీద్దాం" అంది. వాళ్ల నాన్నది హార్బర్‌లో ఉండే పెద్ద మరబోటు. పేటంతా కలిసి తోసినా కదలదు. పక్కలోంచే ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. చిట్టి కూడా లేచి ఆకలన్నాడు. నాలుగున్నరకు పొయ్యి వెలిగించాను.

అలా లేచిన పిల్ల తొమ్మిదికి బడికి వెళ్లింది. ఒకటో తరగతి మొదటి రోజు. పదకొండూ పదికి టీచరు ఫోను. "మీ పాప బల్ల మీద తల పెట్టి నిద్రపోతోందమ్మా. లేపితే ఏడుస్తోంది. వచ్చి తీసుకెళ్తారా?" వెళ్లి ఎత్తుకొచ్చాను. శుక్రవారం ఇంకా ముందే, పది యాభైకి వచ్చింది ఫోను. చిట్టితో బాధ లేదు, అంగన్‌వాడీలో ఎలాగూ పడుకోబెడతారు. హాసిని సంగతే తేలాలి. ఆదివారం మా ఆయన బోటు వేటకు వెళ్తుంది, పది పన్నెండు రోజులు రాడు. చేపలు అమ్మే మా అత్త కూడా మధ్యాహ్నం రెండు దాకా ఇంట్లో ఉండదు. సోమవారం పదకొండింటికి ఫోను వస్తే వెళ్లడానికి నేను తప్ప ఎవరూ లేరు. వెళ్లానంటే మళ్లీ క్లినిక్‌కు వెళ్లక్కర్లేదు.

ఎవరిని అడిగినా, సెలవుల తరువాత పిల్లలు పొద్దెక్కినా లేవరు, రోజూ అరగంట ముందు లేపు అనేవారే. మా వాళ్లు నాలుగింటికే లేస్తున్నారంటే అదృష్టవంతురాలివి అన్నారు. రాత్రి కిటికీలు మూసి పడుకోబెట్టి చూశాను. నాలుగింటికే లేచి చీకట్లో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు.

శుక్రవారం సాయంత్రం అత్త విషయం విని, "ఇది గుంటల రోగం కాదే, వేట రోగం" అంది. బోటు మీద మూడు నాలుగు గంటలకోసారి వల లాగాలి. ఆ మధ్యలో కునుకు తియ్యడమే నిద్ర. దిగి ఇంటికొచ్చిన మగవాళ్లు పగలు పడుకుని, రాత్రి వీధిలో పచార్లు చేస్తారు. "మీ మావ దిగినరోజు పొద్దుగూకేదాకా గుమ్మం లోపలికి రానిచ్చీదాన్ని కాదు. అరుగు మీద వల ముందరేసి కూకోబెట్టీసీదాన్ని. ఒక్క పగలు ఆపితే సాలు."

రెండో శనివారం బడి లేదు. మా ఆయన బోటుకు ఐసు, డీజిలు ఎక్కించడానికి హార్బర్‌కు వెళ్లాడు. అత్త ఆ రెండు రోజులూ చేపల అమ్మకం మానుకుంది. పదిన్నరకు అరుగు మీద పాత వల ముక్క పరిచి, పిల్లలిద్దరి కాళ్లూ చెరో నీళ్ల బక్కెట్లో పెట్టించి, వలలో చిక్కిన నాచు ఏరమంది. పదకొండింటికి హాసిని తల వాలింది.

"ఏటే పూరీ రాణీ, వల ఎవులు బాగుసేత్తారు?"

"నాను లేవను నానమ్మా. తాతని కూడా ఇలాగే కూకోబెట్టీసినావా?"

"తాతయితే ఏడిసీవోడు. నువ్వు నయం."

దాంతో హాసిని లేచి కూర్చుంది. తాత ఎలా ఏడ్చేవాడో చెప్పమంది. అత్త చెప్పింది. రెండు గంటల పాటు చెప్పింది. ముప్పావు వంతు అబద్ధమే అయి ఉంటుంది. చిట్టి బక్కెట్లో నీళ్లన్నీ వీధిలో పారబోశాడు. నేను మళ్లీ మళ్లీ నింపాను. వీధిలో వాళ్లు నిలబడి చూసి నవ్వారు. మూడింటికి గండం గడిచింది. ఎనిమిదికి తిని పడుకున్నారు.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మా ఆయన బయలుదేరాడు. నిషేధం ముగిసి మొదటిసారి వేటకు వెళ్లేటప్పుడు ఇంటిల్లిపాదీ హార్బర్‌కు వెళ్లి, బోటుకు పసుపు కుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి సాగనంపడం మా వాళ్లలో ఉంది. పిల్లలు కదలకుండా నిద్రపోతున్నారు. ఆయన సంచి పట్టుకుని వాళ్ల పక్క దాకా వచ్చాడు.

"లేపకు. ఏడున్నరకి మన ఒడ్డు ముందర నుంచే ఎల్తాం. సూడమను."

ఆరింటికి వాళ్లంతట వాళ్లే లేచారు. నాన్న వెళ్లిపోయాడని హాసిని మూతి ముడిచింది. అత్త ఇద్దరినీ ఒడ్డుకు లాక్కెళ్లింది. ఏడున్నర దాటాక హార్బర్ వైపు నుంచి వరసగా బోట్లు వచ్చాయి. కొత్త రంగులు, జెండాలు, పూలదండలు. ఏది ఎవరిదో తెలియలేదు. అత్త తన ఎర్ర తువ్వాలు విప్పి ఊపింది. ఒక బోటు హారన్ మూడుసార్లు మోగింది. "అదే నాన్నది" అని హాసిని తేల్చేసింది. బోటు కనుమరుగయ్యేదాకా ఇద్దరూ నీళ్లలో గెంతారు. ఆ రోజూ వల, బక్కెట్లు తప్పలేదు.

సోమవారం ఆరున్నరకు లేపితే హాసిని లేవలేదు. రెండోసారి లేపితే దుప్పటి కప్పుకుంది. మూడోసారి దుప్పటి లాగేశాను. బడి ఉన్న పిల్లలు లేచినట్టు విసుక్కుంటూ లేచింది. పళ్లపొడి డబ్బా అందిస్తుంటే నాకు నవ్వాగలేదు.

క్లినిక్‌లో టోకెన్లు రాస్తుండగా పదకొండూ ఐదుకు ఫోను మోగింది. డాక్టరమ్మ గదిలోంచి చూసింది. పెన్ను పెట్టి ఫోను తీశాను. తీరా చూస్తే మా ఆయన. ఒడ్డుకు దగ్గరగా వెళ్తున్నప్పుడు టవరు అందుతుంది.

"పాప తొంగుందేటి?"

"బడి నుంచి ఫోను రానేదు. నువ్వే సేసినావు. పెట్టీయ్."

ఆ తరువాత మోగలేదు. సాయంత్రం వెళ్లేసరికి హాసిని అరుగు మీద పలక పెట్టుకుని ఉంది.

ఊరు వెళ్లొస్తే పిల్లలు ఆ ఊరిలోవి ఏం గుర్తుపెట్టుకుంటారో మనకు తెలియదు. మా వాళ్లు గుడి మరచిపోయారు, నాలుగింటికి లేవడం మరచిపోలేదు. అది చెడ్డ అలవాటని నేను అనను. అక్కడ దానితో పని ఉంది, ఇక్కడ లేదు, అంతే. పూరీ నుంచి పిల్లలతో తిరిగి వచ్చేవాళ్లకు ఒక్క మాట. రైలెక్కాక పిల్లల్ని పడుకోనివ్వకండి. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టి చిల్కా చూపించండి. ఇంటి పద్ధతికి రావడం అక్కడే మొదలుపెట్టొచ్చు. మేము బక్కెట్లతో మొదలుపెట్టాం. మా పిల్లలు ఇంకా చిల్కా చూడనే లేదు.