లడ్డు తీసుకోని సిస్టరమ్మ

పిల్లల వార్డు సిస్టరమ్మ పోయింది. నిన్న బత్తలపల్లె ఆసుపత్రి దగ్గర బస్సెక్కితే, ఆ వార్డులో పనిచేసే ఆయా కనబడి చెప్పింది. మూడు రోజులైందట. ధర్మవరంలో అందరూ దిగినా నేను సీట్లోనే కూర్చుండిపోయాను.

ఆమెను నేను ఒకసారి నోటికొచ్చినట్టు తిట్టాను. అది ముందే చెప్పుకోవాలి.

మా పాపకు ఆరేళ్లప్పుడు రక్త క్యాన్సర్ అన్నారు. ఏడాది పైగా సూదులే. వేసే ముందు మేమందరం నొప్పి ఉండదని బుజ్జగించేవాళ్లం. సిస్టరమ్మ మాత్రం, నొప్పి పుడుతుంది, పది లెక్కపెట్టేలోపల అయిపోతుంది అని తనే పైకి లెక్కపెట్టేది. "పిల్లోళ్లకు అబద్ధం చెప్తే ఇంగోసారి చెయ్యి చాపరు," అనేది నాతో. పాప ఆమెకు తప్ప ఎవరికీ మారాం చేయకుండా చెయ్యి ఇచ్చేది కాదు.

ఒకరోజు డాక్టరు గారు ఇక సూదులు వద్దు, ఇంటికి తీసుకుపోండి, ఏమడిగితే అది పెట్టండి అన్నారు. మగ్గం నేసుకునేవాళ్లం, ఇంటికి పంపితే నయమైందనే అనుకున్నాం. మా ఆయన లడ్లు తెచ్చి వార్డంతా పంచాడు. కదిరికి పోయి మొక్కు తీర్చుకుని, జూన్‌లో పాపను బడిలో వేద్దామన్నాడు.

సిస్టరమ్మ లడ్డు తీసుకోలేదు. మా ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టింది.

"నయమై పంపలేదమ్మా. ఇంగ ఏ మందూ పని చేయదని పంపుతాండారు. పాప బతకదు. ఎన్ని దినాలుంటాదో ఎవరమూ చెప్పలేం."

నీ నోట్లో మన్ను పడ అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆమె లేచి వెళ్లిపోలేదు.

"తిట్టుమ్మా. నొప్పికిచ్చిన మందు మాత్రం మానొద్దు. జబ్బు తగ్గకపోయినా నొప్పి తగ్గుతాది."

ఆమె చెప్పకపోతే ఆ కాస్త కాలమూ బస్సుల్లో, గుళ్ల వరుసల్లో పోయేది. కదిరికి పోలేదు. మగ్గం పక్కనే పాపకు మంచం వేశాం. బొరుగుల ఉగ్గాని అడిగితే ఉగ్గాని చేసిపెట్టేదాన్ని, రెండు ముద్దలు తినేది. నేను నేస్తుంటే చీర మీది నెమళ్లకు పేర్లు పెట్టేది. ఆ దినాలు మాకు దక్కాయి. అయినా ఆమెకు ఒక్క మంచి మాట చెప్పలేదు. పాప పోయాక ఎక్కడైనా ఎదురుపడితే ఆ వరండాయే గుర్తొచ్చేది, తల తిప్పుకునేదాన్ని. ఇప్పుడు చెప్దామన్నా మనిషి లేదు.

పాప పోవడానికి వారం ముందు, సెలవు దినాన ఆమె మా ఇంటికొచ్చింది. వాకిట్లో చూడగానే పాప దుప్పటి ముఖం మీదికి లాక్కుని, సూది తెచ్చినావా అని అడిగింది. ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుని రెండు చేతులూ చాపింది. పాప దుప్పటి దించి, ఆ చేతులు తిప్పి తిప్పి చూసింది. ఆమె సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. ఏమీ లేదని నమ్మకం కుదిరాక, ఆమె అరచేతిలో చెంప ఆనించుకుని నిద్రపోయింది. చెయ్యి తీస్తే లేస్తుందని, సిస్టరమ్మ పొద్దు వాలేదాకా అట్లాగే కూర్చుంది.