గోనెపట్టాలో మోటారు

ఈ పొద్దు జమ్మలమడుగు బస్సులో నా పక్కనాయన గోనెపట్టా చుట్టిన కొత్త మోటారును కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ముందు సీటు పెద్దాయన వెనక్కి తిరిగి, "బోరు ఎన్ని అడుగులు ఏసినావప్పా? నీళ్లు పడినాయా?" అని అడిగినాడు. మా సీమలో మోటారంటే ఇంకేముంటుంది? నేనూ అదే అనుకున్నా.

"బోరుకు గాదు మామా, పడవకు. గండికోట డ్యాములో చేపలు పడతా. గాలి లేస్తే పాత మోటారు లాగలేకపోతాంది. ఇది శానా పవరు, సర్రున పోతాది."

బస్సులో అందరం నవ్వినాం. పెద్దాయన నవ్వలేదు.

"మా ఊరు ఆ నీళ్ల కిందనే ఉండాది. ఆడ రోంత మెల్లగా పో అప్పా."

"అట్లే మామా. యాడుంటాదో చెప్పు."

పెద్దాయన బడి నుంచి మొదలుపెట్టి, ఇంటింటికీ పేరు పెట్టి దోవ చెప్పినాడు. నా స్టాపు వచ్చినా నేను లేయలేదు. మీరైతే దిగుంటారా?