పేరు మారిన రాకెట్

అనుమానం మాకు వంశపారంపర్యం. నర్సంపేటలో పత్తి విత్తనాలు కొన్నప్పుడు మా నాయిన ప్యాకెట్ మీది బొమ్మనూ పేరునూ పట్టించుకునేవాడు కాదు. గింజలు తడిగుడ్డలో కట్టి, మొలకలు చూశాకే విత్తేవాడు. నిరుడు మొలవని గింజకే ఈ ఏడు కొత్త పేరు పెడతారని ఆయన నమ్మకం.

అందుకే టెన్నిస్ రాకెట్ల పేర్లను నేనెన్నడూ నమ్మలేదు. కాజీపేటలో రైల్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో, క్లబ్బులో నా చేతికొచ్చింది పాత చెక్క రాకెట్. వానాకాలంలో వంకరపోకుండా దాన్ని నాలుగు మూలలా మరలున్న చట్రంలో బిగించేవాళ్లం. మెడ మీద ఎవరో విదేశీ ఆటగాడి సంతకం ఉండేది. ఆయన దాన్ని ఒక్కసారైనా పట్టుకున్నాడా అని నాకప్పుడే అనుమానం. తర్వాత అల్యూమినియం వచ్చింది, గ్రాఫైట్ వచ్చింది. సంతకాలు పోయి అంకెలొచ్చాయి. ఇప్పుడు ఒకే పేరుకు ప్రో, టూర్, టీమ్, లైట్ అని తోకలు. రెండు మూడేళ్లకోసారి రంగు మారుస్తారు. లోపలి సరుకు మారిందో లేదో ఎవడికి తెలుసు?

ఈ వేసవిలో మా అమ్మాయి రాకెట్ పగిలింది. ఆదివారమే జిల్లా సెలక్షన్స్. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదట. హనుమకొండ దుకాణాయన ఇంకోటి చేతిలో పెట్టి, "గదే రాకెట్ అన్నా, పేరొక్కటే మారింది. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఫికర్ చెయ్యకు అంటేనే నాకు ఫికర్ మొదలవుతుంది. అదే అయితే కొత్త పేరెందుకు? వేరైతే అదేనని ఎందుకన్నాడు?

కొన్నాను గానీ మనసు ఊరుకోలేదు. మూడో రోజు రెండింటినీ బంగారం దుకాణానికి తీసుకెళ్లి తూకం వేయించాను. కొత్తది కాస్త తేలిక. పాతది వేలి మీద సమంగా నిలిచిన చోటే కొత్తదాని కింద వేలు పెడితే, అది పిడివైపు ఒరిగింది. అదీ చాలక, ఇంటికొచ్చి చాకుతో మెడ దగ్గర రంగు గీకాను. ఏదో అమ్ముడుపోని సరుకుకే కొత్త రంగు పూశారేమో, కింద పాత రంగు దొరుకుతుందనుకున్నాను. నల్లటి గ్రాఫైట్ తప్ప ఏమీ లేదు. ఇక దుకాణాయన వాపస్ తీసుకోడు.

అమ్మాయి వచ్చి చూసింది. ముఖం మాడిపోయింది.

"రెండు రోజుల సంది దీంతోనే ఆడుతున్న డాడీ. మంచిగ ఆడుతున్న."

"జర ఆగు బిడ్డా. ఇది తేలికున్నది, వాడు అబద్ధం..."

"రాకెట్‌ను తూకం పెట్టినవు, గీకినవు. నేనెట్ల ఆడుతున్ననో ఒక్కసారన్న అడిగినవా?"

అడగలేదు. బజారుదాకా పోయినవాణ్ణి, పక్క గదిలో ఉన్న పిల్లను అడగలేదు. చచ్చేంత సిగ్గేసింది.

ఆదివారం ఆ గీతలు పడ్డ రాకెట్‌తోనే ఆడటానికి వెళ్లింది. నన్ను మాత్రం రావద్దంది.