ఇసొగాయ్ గారి వీపు

కుజె మినోరికి ఈ లోకంలో అందరికన్నా పెద్ద అభిమాని ఇసొగాయ్ తొకుజిరో గారు. ఆరేళ్ళలో ఆమె ఆట ఆయన ఒక్కసారి కూడా చూడలేదు.

ఆటకు వెళ్ళక కాదు. మినహామా స్టేడియంలో ఊరి వాలీబాల్ జట్టు హమాచిదోరి, అందరూ ముద్దుగా పిలిచే చిదోరీలు, ఆడిన ప్రతిసారీ తలుపులు తీయకముందే వెళ్ళి వరుసలో నిలబడేవారు. కోర్టు చివర, మొదటి వరుసలో ఆయన సీటు. మెడలో మినోరి పేరు నేసిన తువ్వాలు. చేతిలో మినోరి పదిహేడో నంబరు రాసుకున్న కాగితపు విసనకర్ర. ఒళ్ళో మినోరికి ఇష్టమని ఎవరో చెప్పిన నారింజ మిఠాయిలు. ఇంత సరంజామాతో కూర్చున్న మనిషి, తీరా మినోరి బంతి పట్టుకుని గీత దగ్గరకు రాగానే లేచి, బుద్ధిగా వెనక్కి తిరిగి, కోర్టుకు వీపు పెట్టి నిలబడేవారు.

పోనీ మినోరి కోర్టులో ఇంకేమైనా చేసేదా అంటే అదీ లేదు. సెట్టు చివరికొచ్చి అందరి గుండెలూ దడదడలాడుతున్నప్పుడు కోచ్ ఆమెను లోపలికి పంపేవాడు. ఆమె పని సర్వీస్ చేయడం ఒక్కటే. పాయింటు పోతే మళ్ళీ వచ్చి బెంచీ పక్కన నిలబడేది. అంటే ఇసొగాయ్ గారు, మిగతా జట్టు ఆటంతా కళ్ళు విప్పార్చుకుని చూసి, ఎవరి కోసం వచ్చారో ఆ మనిషి వంతు రాగానే గ్యాలరీ పైనున్న గోడకేసి చూసేవారన్నమాట.

పక్క సీటు సెనో చిజురుది. ఊళ్ళో ఆడవాళ్ళందరి జుట్టూ కత్తిరించేది ఆవిడే. ఇసొగాయ్ గారికి కళ్ళుగా పనిచేసే ఉద్యోగం కూడా ఆవిడ నెత్తినే పడింది.

"ఏమైంది?" అనేవారాయన, గోడకేసి చూస్తూనే.

"ఇంకా ఏం కాలేదు. బంతిని నేలకు కొడుతోంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడూ నేలకే కొడుతోంది. మీరు నన్ను ఊపిరి పీల్చుకోనివ్వండి."

"ఏమైంది, చిజురమ్మా?"

"ఎగిరింది... కొట్టింది... వెళ్ళింది! అబ్బో, అవతలి పిల్ల చేతులు చాచేసరికి బంతి పక్కకు జరిగిందండీ! ఎవరో దారంతో లాగినట్టు జరిగింది!"

అప్పుడు గాని ఇసొగాయ్ గారు ఇటు తిరిగేవారు కాదు. అప్పటికి మినోరి మళ్ళీ బంతి అందుకుంటూ ఉండేది. ఆయన మళ్ళీ అటు తిరిగేవారు. ఆమె వరసగా మూడు పాయింట్లు తెచ్చిన రోజున ఈయన బొంగరంలా తిరిగి తిరిగి కళ్ళు తిరిగి కూర్చుండిపోయారు.

నిజం చెప్పాలంటే మినోరి సర్వీస్ చూసి తీరవలసిందే. అరచేత్తో చదునుగా కొట్టేది. బంతి గిరగిరా తిరగకుండా నిశ్చలంగా నెట్ మీదుగా వచ్చి, ఎదుటి పిల్ల చేతుల ముందు ఎటు పోవాలా అని ఒక్క క్షణం ఆలోచించి, ఎవరూ అనుకోని వైపు పడిపోయేది. చిజురుకు ప్రతిసారీ ఒళ్ళు జలదరించేది. ఇంత అద్భుతం వెనక జరుగుతుంటే ఈ మనిషి గోడకున్న సున్నం ఎలా చూస్తున్నాడా అని ఆవిడకు అంతకంటే పెద్ద అద్భుతంగా ఉండేది.

ఊళ్ళో దీని మీద రకరకాల మాటలు పుట్టాయి. ఎప్పుడో ఆయన కింద పడ్డ చాప్‌స్టిక్ తీసుకోవడానికి వంగినప్పుడు మినోరి సర్వీస్‌కు పాయింటు వచ్చిందనీ, అప్పటినుంచీ అదొక సెంటిమెంటు పట్టుకుందనీ ఎక్కువమంది నమ్మారు. చప్పట్ల దళానికి నాయకుడూ, డోలు వాయించేవాడూ అయిన బ్యాంకు గుమాస్తా నగురా అయితే, జట్టు వెనకబడినప్పుడల్లా, "ఇసొగాయ్ గారూ, తిరగండి! మీ వీపే దిక్కు!" అని బతిమాలేవాడు.

గిట్టనివాళ్ళు ఇంకో మాట అనేవారు. ఇసొగాయ్ గారిది చేపముద్దలు చేసి అమ్మే కమబోకో కొట్టు. ఆయన తొడుక్కునే నీలం కోటు వీపు మీద కొట్టు గుర్తుగా ఎర్రటి పెద్ద చేప బొమ్మ ఉండేది. మినోరి సర్వీస్ చేస్తున్నప్పుడు టీవీలో ఒక సెట్టులో ఆమె వెనక, వైపులు మారాక ఇంకో సెట్టులో ఆమెకు ఎదురుగా ఆ చేప కనిపించేది. కాణీ ఖర్చు లేకుండా కొట్టుకు ప్రచారం చేసుకుంటున్నాడని వాళ్ళ వాదన.

"అలా అంటున్నారు, మీకు సిగ్గుగా లేదూ?" అని చిజురు ఆయన భార్య ఫుమి గారిని అడిగింది, జుట్టుకు రంగు వేస్తూ.

"సిగ్గే అమ్మా. కానీ ఆట ఉన్న మర్నాడు సరుకు మధ్యాహ్నానికే అయిపోతోంది. సిగ్గుపడటానికి తీరిక దొరకడం లేదు," అంది ఫుమి గారు.

ఇసొగాయ్ గారు ఏ మాటకూ అవుననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకునేవారు.

ఇలా ఉండగా, ఈ సీజన్‌తో ఆట మానేస్తున్నానని మినోరి ప్రకటించింది. ఊరికి ఊరే డీలా పడింది. ఇసొగాయ్ గారు మూడు రోజులు చేపముద్దల్లో ఉప్పు వేయడం మరిచిపోయారు. కొన్నవాళ్ళు కారణం తెలిసి తిరిగివ్వకుండా తినేశారు.

సొంత ఊళ్ళో ఇంకొక్క ఆట మిగిలింది. దాని ముందటి ఆట ముగిశాక, ఎప్పటిలాగే ఆటగత్తెలు బయటి ద్వారం దగ్గర వరుసగా నిలబడి అభిమానులను సాగనంపుతున్నారు. ఇసొగాయ్ గారు మిఠాయిల పొట్లం మినోరి చేతిలో కుక్కి, నేల చూపులు చూస్తూ పరుగున వెళ్ళిపోయారు. వెనకే వచ్చిన చిజురు చెయ్యి మినోరి పట్టుకుని ఆపింది.

"అక్కా, ఒక్క మాట అడగనా? ఆ తాతగారికి నా మీద కోపం ఎందుకు?"

"కోపమా?"

"నేను బంతి పట్టుకుంటే చాలు, వీపు తిప్పేస్తారు. నాకొక్కదానికే. మొదటి ఏడాది ఏదో తప్పు చేసి ఉంటాను. ఏమిటో తెలిస్తే వెళ్ళేలోగా క్షమాపణ అడుగుదామని."

ఆరేళ్ళుగా ఊరంతా నవ్వుకున్న సంగతి, నవ్వవలసిన పిల్ల గుండెల్లో ముల్లై కూర్చుందన్నమాట! చిజురు వెంటనే వెళ్ళి స్టేడియం బయట ఇసొగాయ్ గారిని సైకిల్‌తో సహా పట్టుకుంది.

"ఇవాళ మీరు నిజం చెప్పందే ఈ సైకిల్ కదలదు. ఆ పిల్ల అంటే మీకు కోపమా?"

"ఎవరన్నారా మాట!" ఆయన ముఖం పాలిపోయింది.

"ఆ పిల్లే అనుకుంటోంది."

ఇసొగాయ్ గారు సైకిల్ గంట నిమిరారు. ఏదో దొంగతనం ఒప్పుకుంటున్నట్టు చిన్న గొంతుతో చెప్పారు.

"మొదటి ఏడాది అభిమానుల సభలో మైకులో చెప్పింది కదమ్మా. సర్వీస్ చేయడానికి వెళ్తే అన్ని కళ్ళూ తన చేతి మీదే ఉంటాయట. చెయ్యి బరువెక్కిపోతుందట. ఒక్క జత కళ్ళు తక్కువైనా కాస్త హాయిగా ఉంటుందని నవ్వుతూ అంది. అందరూ నవ్వారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, పెదాలు వణుకుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. ఇంకెవరూ తగ్గించేలా కనిపించలేదు. సరే, నా జత నేను తీసేద్దామనుకున్నాను."

"ఆరేళ్ళా?"

"వద్దని ఆ పిల్ల మళ్ళీ చెప్పలేదు కదా."

చిజురు రోజూ జనం బుర్రలు చూసే మనిషే గాని, ఒక బుర్రలో ఇంత పిచ్చీ ఇంత మర్యాదా పక్కపక్కన ఉండగలవని ఆవిడకు అంతవరకూ తెలియదు. ఆయన సైకిల్ తొక్కుకుంటూ వెళ్తుంటే ఆవిడ అక్కడే నిలబడి, దూరమవుతున్న ఆ చేప బొమ్మకు తల వంచి దండం పెట్టింది.

మర్నాడు మినోరికి సంగతి చెబితే, ఆ పిల్ల రెండు చేతులూ నోటికడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో చిజురుకు తేలలేదు.

"అక్కా, కళ్ళ భయం ఎప్పుడో పోయింది. ఇప్పుడు నాకున్న భయమల్లా ఆ వీపే. ఆఖరి ఆటలో ఒక్కసారి చూడమని చెప్పవూ?"

చెబితే ఇసొగాయ్ గారు ససేమిరా అన్నారు.

"ఆరేళ్ళుగా లేని కళ్ళు ఆఖరి రోజున తెచ్చి మీద పడేస్తే, చెయ్యి బరువెక్కి బంతి నెట్‌లో పడితే? ఆ పాపం ఎవరిది? మినోరి మంచిది కనక చూడమంటుంది. మనకు ఉండాలి బుద్ధి."

"మీకు మాత్రం చూడాలని లేదూ?"

ఆయన కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు.

అప్పుడు చిజురుకు ఆ ఆలోచన వచ్చింది. "సరే, మీ లెక్క ప్రకారమే వద్దాం. మీ జత కలిస్తే బరువెక్కువ, అంతేగా? మా జతలన్నీ తీసేస్తాం. అప్పుడు మీ ఒక్క జత ఉన్నా పిల్లకు తేలికే."

"అన్నీ అంటే?"

"మన గ్యాలరీ మొత్తం."

ఇసొగాయ్ గారు నోరు తెరిచారు. లెక్కలో తప్పు వెతికారు. దొరకలేదు. "మరి అవతలి జట్టు వాళ్ళ అభిమానులు?"

"వాళ్ళ కళ్ళు వాళ్ళ పిల్లల మీదే ఉంటాయి. ఇంకేం మాట్లాడకండి."

నగురాను ఒప్పించేసరికి చిజురుకు తలప్రాణం తోకకొచ్చింది.

"టీవీలో వస్తుందండీ! జట్టును పోషించే కంపెనీ ప్రెసిడెంటు గారు వస్తున్నారు, మా బ్యాంకుకు ఆయనే పెద్ద ఖాతాదారు! చప్పట్ల దళం వీపు పెట్టి నిలబడితే నా ఉద్యోగం ఏం కావాలి?"

"నగురా గారూ, మీ నెత్తిన ఉన్నది మీ సొంత జుట్టు కాదని మీ ఆవిడకు తెలుసా?"

నగురా ఒప్పుకున్నాడు. ఆ సాయంత్రం నుంచీ చిజురు కుర్చీలో కూర్చుని లేచిన ప్రతి తలలోకీ ఈ కబురు ఎక్కింది. తలనుంచి తలకు పాకి ఊరంతా నిండింది.

ఆఖరి ఆట. స్టేడియం కిటకిటలాడుతోంది. చిదోరీలు రెండు సెట్లు గెలిచి ఒకటి పోగొట్టుకుని, నాలుగో సెట్టులో ఇరవై నాలుగు, ఇరవై మూడు మీద ఉన్నారు. ఇంకొక్క పాయింటు వస్తే ఆట వాళ్ళదే. కోచ్ పదిహేడో నంబరు పలక ఎత్తాడు. మినోరి లోపలికి వచ్చి, కోర్టుకు ఆ చివర, ఇసొగాయ్ గారికి సరిగ్గా ఎదురుగా గీత వెనక నిలబడింది.

నగురా డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. గ్యాలరీ మొత్తం లేచింది. ముసలివాళ్ళు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, చేపల మార్కెట్టు వాళ్ళు, బడి పంతుళ్ళు, అందరూ ఒక్కసారిగా వెనక్కి తిరిగారు. కంపెనీ ప్రెసిడెంటు గారు అటూ ఇటూ చూసి, తనొక్కడికే సంగతి తెలియనట్టుంటే బాగుండదని తనూ తిరిగారు. స్టేడియం నిశ్శబ్దమైపోయింది. ఇటువైపున్న అన్ని వీపుల మధ్య ఒకే ఒక్క ముఖం కోర్టుకేసి ఉంది.

చిజురుకు కూడా ముందు గోడే కనిపిస్తోంది. ఆరేళ్ళు ఆయన చూసిన గోడ. ఇంత బోసి గోడను ఒక మనిషి ప్రేమతో ఇన్నిసార్లు చూశాడా అనుకుంది ఆవిడ.

విజిల్ మోగింది. బంతి నేలకు తగిలిన చప్పుడు. మళ్ళీ ఒకటి. బూట్లు కీచుమన్నాయి. అరచెయ్యి బంతిని తాకింది. తర్వాత ఏమీ వినపడలేదు.

"ఏమైంది?" అంది చిజురు, తిరగకుండా.

"ఏమైంది?" అన్నాడు నగురా.

"ఇసొగాయ్ గారూ, ఏమైంది?" గ్యాలరీ అంతా అడిగింది.

ఇసొగాయ్ గారు రెండు చేతులూ పైకెత్తారు. ఆయన ముఖం మీద కన్నీళ్ళు కారుతున్నాయి.

"అద్భుతం!" అని అరిచారు. "అద్భుతం!"

ఇంకేముంది! గ్యాలరీ బద్దలైంది. విసనకర్రలు ఎగిరాయి, డోలు అదిరింది, ప్రెసిడెంటు గారు చేపల మార్కెట్టు వాడిని కౌగిలించుకున్నారు. అందరూ ఇటు తిరిగి, ఎగిరి గంతులేసి, మినోరి పేరు పెట్టి పైకప్పు అదిరేలా కేకలు వేశారు. పాయింటు మాదే అని అప్పుడే చప్పట్లు మొదలుపెట్టిన అవతలి అభిమానులు ఠక్కున ఆగి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెఫరీ తన చెయ్యి సరైన వైపే చూపిస్తోందో లేదోనని మరోసారి చూసుకున్నాడు.

స్కోరుబోర్డు మీద ఇరవై నాలుగు, ఇరవై నాలుగు అని ఉంది.

"ఇసొగాయ్ గారూ!" నగురా కేక పెట్టాడు. "బంతి బయట పడిందండీ!"

"అలాగా? ఎప్పుడు?"

"ఇప్పుడే! మీరు చూస్తూనే ఉన్నారుగా!"

"నేను బంతిని చూడలేదయ్యా. ఆ పిల్లను చూశాను. ఎంత పైకి ఎగిరింది! చెయ్యి ఎంత తేలిగ్గా ఉంది!"

కోర్టులో మినోరి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతోంది. సర్వీస్ తప్పితే అందరూ ఏమనుకుంటారోనని ఒకప్పుడు వణికిన పిల్ల అది. ఆరేళ్ళలో ఏ పాయింటుకూ రానన్ని చప్పట్లు ఆ తప్పిన బంతికి వచ్చాయి. తర్వాత రెండు పాయింట్లూ చిదోరీలే తీసుకుని ఆట గెలిచారు గాని, ఊళ్ళో ఎవరూ ఆ రెండింటి గురించి మాట్లాడరు.

బయటి ద్వారం దగ్గర మినోరి ఆయన ఎదుట నిలబడి నడుము దాకా వంగింది. "తాతగారూ, మీ ముఖం ఇలా ఉంటుందా!" అంది.

ఇసొగాయ్ గారికి ఎక్కడలేని సిగ్గూ ముంచుకొచ్చింది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ గిరుక్కున వెనక్కి తిరిగి నిలబడ్డారు. మినోరి నవ్వుతూ సంతకాల పెన్ను తీసి, ఆ ఎర్ర చేప కింద ఏదో రాసి, సంతకం చేసింది.

"ఏం రాసింది, చిజురమ్మా?"

'మీ కళ్ళు నాకెప్పుడూ బరువు కాదు' అని ఉంది అక్కడ. చిజురు చదువుకుని, చెప్పనంది.

"ఆరేళ్ళు చెప్పాను. ఇంక నా ఉద్యోగం అయిపోయింది. కోటు విప్పి మీరే చూసుకోండి."

"అమ్మో, తడి ఆరలేదు. విప్పితే చెరిగిపోదూ?"

ఆ తర్వాత స్టేడియం ముందు జనమంతా వెళ్ళిపోయేదాకా ఇసొగాయ్ గారు మెడ వెనక్కి తిప్పి, తన వీపు తను చూసుకోవాలని గుండ్రంగా తిరుగుతూనే ఉన్నారు.