మమ్మల్ని దింపిన చెత్త

మొన్న వేసవిలో తొలిసారి నీళ్ల మీద దిగే సీప్లేన్ ఎక్కి అండమాన్‌లో పోర్ట్‌బ్లెయిర్ నుంచి హేవ్‌లాక్ దీవికి వెళ్లాను. గాలి లేక సముద్రం అద్దంలా ఉంది. నీళ్లు ఎంత కిందున్నాయో అంచనా అందక, దించబోయిన పైలట్ మళ్లీ పైకి లేపాడు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. రెండోసారి మెత్తగా దింపాడు.

“నీళ్ల మీద తేలుతున్న కచరా చూసి ఎత్తు తెలుసుకున్నా దీదీ,” అన్నాడు పైలట్. పోర్ట్‌బ్లెయిర్‌లో మా షాదీపూర్ పేట తెలుగబ్బాయే.

తొంగిచూశాను. చిప్స్ కవర్లు, సీసాలు, ఉబ్బిపోయిన డైపరొకటి.

పక్కసీటు హైదరాబాద్ టూరిస్టు దిగుతూ ఖాళీ సీసా నీళ్లలోకి విసిరాడు.

“ఏంటండీ ఇది?” అని అరిచాను.

“రేపొచ్చే ప్లేన్‌కి పనికొస్తుంది మేడమ్!” అని నవ్వాడు.

ప్రాణం దక్కినందుకు దేవుడికి దండం పెడదామని కళ్లు మూసుకుంటే, ఇప్పటికీ ఆ డైపరే కనిపిస్తోంది. ఛీ!