నాలుగో భాగంలో మాటలొచ్చాయి

ఈ సంగతంతా మళ్ళీ మొదలైంది మొన్న ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి. పాలు అప్పుడే పొయ్యి మీద పెట్టి గడియారం చూసుకున్నాను గనక టైము తప్పు కాదు. బిలాస్‌పూర్ శివారు మోప్కాలోని మా ఇంటి ముందు గదిలో మనవరాలు ఫోను చూస్తోంది. అంతరిక్షం సినిమాల వరస ఒకటి ఏళ్ళ తరబడి భాగాలు భాగాలుగా వస్తోందట. దానికి కొత్త భాగం తీస్తున్న దర్శకుడు, తాను పాతవి ఒక్కటీ చూడలేదనీ, చూడకపోవడమే తన బలమనీ నవ్వుతూ చెబుతున్నాడు. మా పిల్లకి అది భలే నచ్చింది. "ఇందులో గలత్ ఏముంది అమ్మమ్మా, ఫ్రెష్‌గా తీస్తాడు కదా!" అంది. నేను జవాబు చెప్పేలోగా పాలు పొంగిపోయాయి. మన ఈడువాళ్ళకి చెప్పుకోవచ్చును కదా అని ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి బిలాస్‌పూర్ వచ్చాడు, మా నాన్న గూడ్సు గార్డు అయ్యాడు, మేము ముగ్గురం రైల్వే క్వార్టర్లలోనే పుట్టాం. పెద్దవాడు అన్నయ్య, తర్వాత నేను, నాకు పదేళ్ళ తర్వాత చెల్లి. చెల్లికి ఆరో ఏట గొంతుకి జబ్బు చేసి మాట పోయింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. పక్క క్వార్టరులో మొగుడూ పెళ్ళాలు గొణుక్కున్నది కూడా విని, సాయంత్రానికి చేతులతో, కనుబొమ్మలతో నాకు నాటకం కట్టి చూపించేది. అందులో మొగుడి వేషం మరీ బాగుండేది.

అన్నయ్య సైన్సు చదివి రైలింజన్ల షెడ్డులో గుమాస్తాగా చేరాడు, నాటకాల పిచ్చి. కాలనీలోని తెలుగువాళ్ళం ప్రతి దసరాకీ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో ఒక నాటకం వేసేవాళ్ళం. అంతవరకూ పౌరాణికాలూ, తాగుబోతు తండ్రుల కథలూ ఆడుతున్న ఆ స్టేజీ మీద 1985లో అన్నయ్య తాను రాసిన కొత్తరకం నాటకం ఎక్కించాడు. బిలాస్‌పూర్ యార్డు నుంచి బయల్దేరిన గూడ్సు బండి దారి తప్పి మరో లోకం చేరుతుంది. అక్కడ గాలి లేదు. గాలి లేనిచోట చప్పుడు పుట్టదని మనం హైస్కూల్లో చదువుకున్నదే కదా, అందుకని ఆ లోకంవాళ్ళు మాట అన్నదే ఎరగరు, వెలుతురుతో మాట్లాడుకుంటారు. మన గార్డు వీపున పాలడబ్బాల్లో గాలి కట్టుకుని దిగుతాడు, నోరు తెరిచి అరుస్తాడు, ఏమీ వినపడదు. అప్పుడు హార్మోనియం కూడా ఆగిపోయేది, హాలంతా ఊపిరి బిగబట్టేది. చివరికి అతను చేతిలోని హ్యాండు లాంపు ఎత్తితే, చీకట్లోంచి ఇంకొక దీపం బదులు చెబుతుంది. ఆ దీపం పట్టుకున్న పిల్ల మా చెల్లి.

గార్డుల లాంపుకి పైభాగం తిప్పితే తెలుపు, ఎరుపు, పచ్చ మారతాయని మీలో రైల్వేవాళ్ళకి తెలుసు. పచ్చ చూపిస్తే ఔను, ఎరుపైతే వద్దు, తెల్లదీపం కదలకుండా పట్టుకుంటే వింటున్నానని, అడ్డంగా ఊపితే దగ్గరికి రమ్మని, అరచేత్తో సగం మూస్తే దిగులని అర్థం. ఎవరూ నేర్పకుండానే మొదటి ఏడాది హాలంతా అది నేర్చుకుంది. రెండో భాగానికి కాలనీ పిల్లలు టార్చిలైట్లకి రంగు కాగితాలు కట్టుకుని వచ్చారు. చెల్లి స్టేజీ మీంచి అడిగితే వాళ్ళు కిందనుంచి జవాబిచ్చేవాళ్ళు. ముందు వరసలో కునుకు తీస్తున్న ఒక టీసీ గారి మొహం మీదికి దీపం పట్టి, ఆయన లేచేదాకా దించలేదు మహాతల్లి. అది కథలో లేదు. తెర పక్కనుంచి మాటలు అందించే పని నాదే గనక, ఏది ఉందో ఏది లేదో నాకు తెలుసు. సదర్ బజార్లో మేము కూరలు కొంటుంటే ఎవరింటి పిల్లలో దూరంనుంచి పచ్చ అట్ట ఎత్తి చూపించేవాళ్ళు. నోరున్న నన్ను పలకరించిన పిల్లలు తక్కువ.

1987లో మూడో భాగం చివర ఆ పిల్ల గార్డు పెట్టెలో ఎక్కి మన ఊరికి బయల్దేరింది. ఇక ఏడాదంతా కాలనీలో ఒకటే ప్రశ్న, గాలి ఉన్న చోటికి వచ్చాక ఆ పిల్ల మాట్లాడుతుందా? అన్నయ్య మా ఇద్దరికే చెప్పాడు, మాట్లాడదని. దానికి భాష ఉంది కదా, కొత్తగా నేర్చుకోవలసింది మనమే, బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఉన్న ప్రతివాడూ దీపం ఎత్తుతాడు, అదే ముగింపు అన్నాడు. చెల్లి ఎగిరి అన్నయ్య మెడ కావలించుకుంది. ఆ వేసవంతా పెరట్లో సాధన చేసింది.

మరుసటి ఏడు చుట్టుపక్కల ఊళ్ళ రైల్వే తెలుగువాళ్ళ నాటక పోటీ మా ఊళ్ళోనే పెట్టారు. అంతకు ముందు మూడేళ్ళూ బయటి పోటీల్లో మా నాటకానికి బహుమతి రాలేదు, న్యాయనిర్ణేతలకి దీపాలు అర్థం కాలేదు. అందుకని మావాళ్ళు విశాఖపట్నం నుంచి పేరున్న దర్శకుణ్ణి పిలిపించారు. మర్యాదస్థుడు. మా ఇంట్లో టీ తాగుతూ, పాత భాగాలు చదవననీ, చదివితే వాటి నీడ పడుతుందనీ, కథ నాలుగు ముక్కల్లో చెబితే చాలుననీ అన్నాడు. ఎంత అనుభవమున్న డ్రైవరైనా కొత్త దారిలో బండి నడపాలంటే, ముందు ఆ దారి తెలిసినవాడి పక్కన కొన్ని ట్రిప్పులు కూర్చుని రావాలని రైల్వేలో నియమం. ఆయన వెళ్ళాక నాన్న అదే అన్నాడు.

"దారి నేర్పకుండా బండిచ్చేస్తారేట్రా?"

"అది బండి నాన్నా, ఇది నాటకం. చల్తా హై," అని అన్నయ్య జంతిక కొరికాడు.

పది రోజులకి సంగతి తెలిసింది. అవతలి లోకం పిల్ల వేషం అకౌంట్సు ఆఫీసరుగారి అమ్మాయికి ఇచ్చారు, ఆ అమ్మాయి బాగా పాడుతుంది. మన ఊరి గాలి తగలగానే పిల్లకి గొంతు వస్తుంది, పాట అందుకుంటుంది, అదీ కొత్త ముగింపు. చెల్లి తన లాంపు తుడుచుకుని రిహార్సలుకి వెళ్ళి, గుమ్మం దగ్గరే అంతా చూసి, తిరిగి వచ్చేసింది. నేను అన్నయ్యని పట్టుకున్నాను.

"ఏటే నీ గోల? మూడేళ్ళు దీపాలూపి ఏటి సాధించినాం? ఒక్క కప్పు వచ్చిందా?"

"దానికేటి చెప్పావు?"

"లైట్లు సూసుకోమన్నాను. దానికి కావాల్సింది దీపాలే కదా!"

ఆ మాట చెల్లి వంటింట్లోంచి వింది. చెవులు పాము చెవులని చెప్పాను కదా.

పోటీ రోజున రానంటుందనుకున్నాను, నాకన్నా ముందే తయారైంది. రెండో వరసలో కూర్చున్నాం. పిల్లలు ఎప్పటిలాగే టార్చీలు తెచ్చుకున్నారు. స్టేజీ మీద బండి ఆగింది, పిల్ల దిగింది, మా వెనకనుంచి టార్చీలు లేచాయి, హాలంతా పచ్చగా అయింది. అప్పుడా అమ్మాయి గొంతెత్తింది. నిజం చెప్పాలంటే చాలా బాగా పాడింది. పెద్దవాళ్ళు చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు, మూగపిల్లకి మాట వచ్చిందంటే ఎవరికి మాత్రం సంతోషం కాదు? పిల్లలు మాత్రం ఏం చెయ్యాలో తెలియక కాసేపు టార్చీలు అలాగే పట్టుకున్నారు. తర్వాత ఒకటొకటే ఆర్పేశారు. చెల్లి స్టేజీ వైపు చూడలేదు, వెనక్కి తిరిగి ఆ ఆరిపోతున్న వెలుతురు చూస్తూ కూర్చుంది.

కప్పు మాకే వచ్చింది. హడావుడిలో దర్శకుడు మా దగ్గరికి వచ్చి, చెల్లి చేతులతో నాతో ఏదో అనడం చూసి, ఎవరని అడిగాడు. చెప్పాను. మా చెల్లెలనీ, మొదటి మూడు భాగాల్లో ఆ పిల్ల వేషం తనదేననీ.

"అయ్యో, నేను అడిగానమ్మా! కథలో ఆ పిల్ల మూగదని ఎందుకు రాశారని మీ అన్నగారిని అడిగాను. మొదట్లో మాటలు బట్టీపట్టే ఆడపిల్ల దొరక్క అలా సర్దుకున్నాం, అంతే అన్నారు."

మనవరాలికి నా జవాబు ఇది. కొత్తవాడు పాతది తెలుసుకునే తీరాలి, అందులో నాకు సందేహం లేదు. ముందు వచ్చిన భాగాల్లో ఎవరి బతుకు ఇమిడి ఉందో బయటివాడికి కనపడదు. కానీ ఆ విశాఖపట్నం ఆయన మీద నాకు ఇన్నేళ్ళలో కోపం రాలేదు. ఆయన తెలియక అడిగాడు, తెలిసినవాడు అబద్ధం చెప్పాడు. గాలి లేని లోకాన్ని కట్టినవాడే, ఎవరికోసం కట్టాడో ఆ మనిషిని ఒక కప్పు కోసం కథలోంచి చెరిపేశాడు.

చెల్లి దగ్గర్లోని బిల్హా ఊళ్ళో బడిపంతులుగారిని పెళ్ళి చేసుకుంది, ఆయన్ని ఈరోజుకీ చేతులతో తిడుతూనే ఉంది, ఆయనకి ఆ తిట్లన్నీ వచ్చు. హాలు గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు. అన్నయ్య రాయపూర్‌లో ఉన్నాడు, పండగలకి ఫోను చేస్తాడు, బాగున్నావా అంటే బాగున్నానంటాను. తర్వాతి దసరాకి పిల్లలెవరూ టార్చీలు తేలేదు, ఇంకో రెండేళ్ళకి నాటకాలే ఆగిపోయాయి. ఇప్పుడు కాలనీలో మన పిల్లలకి తెలుగు చదవడమే రాదు, ఇక దీపాల సంగతి ఎవరికి కావాలి?

పోయినవి లెక్క వేసుకుంటే, నాటకం ఒకటి, చెల్లి వేషం ఒకటి, రాయని ముగింపు ఒకటి. ఒకప్పుడు హాలు నిండా మనుషులకి వచ్చిన ఆ దీపాల భాష, నాకు తెలిసి, ఇప్పుడు ఇద్దరికే వచ్చు, చెల్లికీ నాకూ. అన్నయ్యకీ వచ్చు గనక ముగ్గురని రాయాలి. నేను కలపడం లేదు.