టార్చికి కొక్కెం

మా చిన్నాయన మంచివాడనేవాళ్ళు, ఆయన తన ఇత్తడి టార్చిలైటును తలపాగా కొసతో తుడవడమే చూశారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పంజాగుట్ట బంగళా నవాబు ఇచ్చిన టార్చి అది.

అమీర్‌పేటలో తెల్లారకముందే బర్రెలు పిండేది మా చిన్నమ్మ. “రెండు చేతులల్ల బకెట్లుంటయి. దీనికి జర కొక్కెం అతికిపియ్యరాదు? మెడల ఏసుకుంట,” అని నా ముందే ఆయనను అడిగింది.

“నవాబ్ సాబ్ ఇచ్చిన చీజుకు అతుకులేందే? ఖరాబైతది,” అన్నాడు, తుడుస్తూనే.

ఆ వారమే ఆమె చీకట్లో పామును తొక్కి చచ్చిపోయింది.

మూడోనాడు పిట్టకు పిండం పెట్టి, ఆయన నేరుగా కంచరి దగ్గరికి నడిచాడు. “కొక్కెం గట్టిగ అతుకు,” అంటూ టార్చి ఇచ్చాడు.

నేను ఆయన మొహంలోకి చూశాను.

“ఏం జూస్తవ్‌రా? ఇగ బర్రెలు నేనే పిండాలె గద!”